శవం తొలి గురువైతే శవం మోసినవాడెవరు?

వైద్యవిద్యలో ఇప్పుడు 'సమీకృతం' అన్న మాట మోగుతోంది. ఏ మెడికల్ కాలేజీకి పోయినా, ఏ వర్క్‌షాపులో కూచున్నా అదే మాట. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఇంతకాలం ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది అన్నట్టు ఉన్నాయట. ఇకమీద ఆ గోడలు తీసేసి చదువునంతా రోగి చుట్టూ చేరుస్తారట. మంచిదే. గోడలు పడతాయంటే మనకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? ఊరికీ వాడకీ మధ్య గీత చూస్తూ పెరిగినవాళ్లం. అయితే ఏ గోడ పడుతోంది, ఏ గోడ నిలబడే ఉంది, పడ్డ గోడ రాళ్లు ఎక్కడికి పోతున్నాయి అని అడగడం కూడా మనకు అలవాటే. ఈ వ్యాసం ఆ అడగడం కోసమే.

ముందు సంగతేమిటో చూద్దాం. 2018లో భారత వైద్యమండలి మూడు సంపుటాల్లో కొత్త ఎంబిబిఎస్ పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 2019 ఆగస్టులో చేరిన బ్యాచితో అది అమల్లోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో వైద్యమండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చినా, 2023లో, 2024లో సవరణలు జరిగినా చట్రం మాత్రం అదే. విద్యార్థికి ఏం తెలుసు అన్నది కాదు, ఏం చెయ్యగలడు అన్నది ముఖ్యమని దాని సిద్ధాంతం. అందుకని చదువునంతా సామర్థ్యాలుగా విడగొట్టారు. ఒక్క అనాటమీలోనే 82 అంశాలు, 409 సామర్థ్యాలు. ఇట్లా విడగొట్టినదాన్ని మళ్లీ కలపాలి. ఒకే ఏడాదిలో ఉన్న సబ్జెక్టులు ఒకే విషయాన్ని ఒకేసారి చెబితే అది అడ్డంగా కలపడం. మొదటి ఏడాది శాస్త్రాన్ని చివరి ఏడాది వైద్యంతో ముడివేస్తే అది నిలువుగా కలపడం. రక్తహీనత గురించి చెప్పేటప్పుడు రక్తకణం పుట్టుక, ఇనుము సంగతి, పాలిపోయిన కళ్లతో ఎదుట కూచున్న మనిషి, ఈ మూడూ ఒకే వారంలో విద్యార్థికి కనపడాలి. లెక్చర్లు మొత్తం కాలంలో మూడోవంతు మించగూడదు. మొదటి ఏడాదిలోనే రోగిని చూపించాలి. కాగితం మీద ఇందులో తప్పుపట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు.

ఇది కొత్త మాట కూడా కాదు. రెండేళ్లు లేబరేటరీ, ఆ తర్వాత రెండేళ్లు ఆస్పత్రి అన్న గోడని అమెరికాలో గట్టిగా కట్టింది 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక. ఆ గోడని 1952లో వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం బద్దలుకొట్టి అవయవ వ్యవస్థల వారీగా చదువు చెప్పింది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ సమస్యనే పాఠంగా పెట్టింది. వైద్యవిద్య చరిత్ర చెప్పేవాళ్లు ఇంతవరకు చెప్పి ఆగుతారు. అదే ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత అమెరికాలో ఉన్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో అయిదు మూతపడి హోవార్డ్, మెహారీ రెండే మిగిలాయి. నల్ల డాక్టరుకి ఆ నివేదిక ఇచ్చిన చోటు ప్రధానంగా తనవాళ్ల పారిశుధ్యం చూసుకునే చోటు. ప్రమాణాలు పెంచే పేరుతో ఎవరి తలుపులు మూస్తారన్నది అప్పుడే తేలింది. మనదగ్గర 1946లో భోర్ కమిటీ సామాజిక దృష్టిగల డాక్టరు కావాలంది, అదే చేత్తో తక్కువ ఖర్చుతో అయ్యే లైసెన్షియేట్ కోర్సుని ఎత్తెయ్యమంది. 1975లో శ్రీవాస్తవ కమిటీ, 1977లో వైద్యవిద్యని పల్లెలవైపు తిప్పే పథకం, 1997లో వైద్యమండలి నిబంధనలు. అడ్డంగా నిలువుగా కలపాలన్న మాట ఆ 1997 నిబంధనల్లోనే ఉంది. ఇరవై రెండేళ్లు ఆ మాట కాగితం మీదే పడుకుంది. ఎందుకు?

దీనికి వైద్యవిద్యా నిపుణులు చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి. శాఖలు కలిసిరావు. టైంటేబుల్ కుదరదు. అధ్యాపకులకి మూడురోజుల శిక్షణ ఇచ్చి ముప్ఫయ్యేళ్ల అలవాటు మానుకోమంటే మానుకోరు. అన్నిటికన్నా పెద్దది పరీక్ష. తరగతిలో అంతా కలిపి చెబుతారు, పరీక్ష మాత్రం అనాటమీకి రెండు పేపర్లు, ఫిజియాలజీకి రెండు, బయోకెమిస్ట్రీకి రెండు, ఎవరిది వాళ్లకే. పరీక్షలో లేనిది చదువులో లేనట్టేనని పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. దానికితోడు మొదటి బ్యాచి ఏడాది తిరక్కముందే 2020లో కరోనా వచ్చి, రోగిని ముందుగా చూపిస్తామన్న మాట సెల్‌ఫోను తెరమీదికి చేరింది.

ఈ జవాబులన్నీ నిజమే. కాని శాఖలు ఎందుకు కలిసిరావు అన్నచోట నిపుణులు 'అహం' అని సరిపెట్టుకుంటారు. అది మనస్తత్వం సంగతి కాదు, నిర్మాణం సంగతి. మెడికల్ కాలేజీలో శాఖలు పక్కపక్కన లేవు, ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. పైన మెడిసిన్, సర్జరీ, రేడియాలజీ. కింద అనాటమీ, బయోకెమిస్ట్రీ. వరండాలో కమ్యూనిటీ మెడిసిన్. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానత ఇక్కడ తెల్లకోటు వేసుకుని తిరుగుతుంది. ప్రతి మెట్టుకీ తనపై మెట్టు మీద కోపం ఉంటుంది, తనకింద మెట్టును చూస్తే తృప్తి ఉంటుంది. అందుకే కలిసి పాఠం చెప్పమంటే పైవాడు తన పీజీ విద్యార్థిని పంపిస్తాడు, కిందివాడు చిన్నబుచ్చుకుంటాడు.

ఈ మెట్లెంత గట్టివో 2023లో బయటపడింది. పీజీ సీట్లు మిగిలిపోతుంటే అర్హత పర్సెంటైలుని అందరికీ సున్నాకి దించారు. ఏటా ఖాళీగా మిగిలేవాటిలో ఎక్కువ భాగం పాఠం చెప్పే ఈ కింది మెట్టు సబ్జెక్టులే. మన పిల్లవాడికి పది మార్కులు తక్కువొస్తే ప్రతిభ చచ్చిపోయిందని వీధిలో కూచునేవాళ్లు, సున్నాకి దించినరోజు ఎక్కడ కూచున్నారో కనపడలేదు. సరే, ఆ సంగతి అట్లా ఉంచుదాం. ఎవరూ చేరని శాఖల భుజాల మీద సమీకృత పాఠ్యప్రణాళిక మోత పెట్టారన్నది ఇక్కడ మనక్కావలసిన సంగతి. తెలంగాణలో 2022లో ఒకేరోజు 8, మర్నాటి ఏడు 9, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 5 ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మొదలవడం మంచిదే, జిల్లా జిల్లాకీ కాలేజీ కావాలని అడిగినవాళ్లలో మనమూ ఉన్నాం. కాని కలపడానికి ముందు కలిపే మనుషులుండాలి గదా. ముగ్గురు ఉండాల్సిన చోట ఒక్కరు రెండు క్లాసుల మధ్య పరుగెత్తుతుంటే దేన్ని దేనితో కలుపుతారు?

ఇక అసలు ప్రశ్న. ఈ పాఠ్యప్రణాళిక దేన్ని కలిపింది, దేన్ని కలపకుండా వదిలింది?

కమ్యూనిటీ మెడిసిన్‌లో ఆరోగ్యానికీ సమాజానికీ ఉన్న సంబంధం గురించి ఒక అంశముంది. 2018 పుస్తకంలో దానికింద అయిదు సామర్థ్యాలు రాశారు. కుటుంబం ఉంది, సామాజిక సాంస్కృతిక కారణాలున్నాయి, ఆరోగ్యానికి అడ్డంకులున్నాయి, సామాజిక మనస్తత్వం ఉంది, పేదరికం ఉంది. కులం అన్న మాట లేదు. ఈ దేశంలో సమాజం గురించి అయిదు వాక్యాలు రాసి కులం అనకుండా ఉండాలంటే చాలా జాగ్రత్త కావాలి. ఆ జాగ్రత్త యాదృచ్ఛికం కాదు. 2018లోనే ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఒక సంగతి చెప్పింది. దళిత స్త్రీ చనిపోయే సగటు వయసు అగ్రకుల స్త్రీకంటే 14.6 ఏళ్లు తక్కువ. 14.6 ఏళ్లు తగ్గించే క్రిమి ఏదన్నా ఉంటే దానికి పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం, పరీక్షలో ఒక పెద్దప్రశ్న ఉండేవి.

అయితే కులం వైద్యవిద్యలో అసలే లేదనుకుంటే పొరపాటు. ఉంది, మార్కుగా ఉంది. పల్లె కుటుంబాల సామాజిక ఆర్థిక స్థాయి కొలవడానికి విద్యార్థులకి నేర్పే కొలబద్దల్లో 1964 నాటి పరీక్ స్కేలు ఒకటి. అందులో భూమికి మార్కులు, ఇంటికి మార్కులు, కులానికీ మార్కులు. షెడ్యూల్డు కులమైతే 1, పెత్తనం చేసే కులమైతే 6. అది ఊళ్లో ఉన్నదాన్నే కొలుస్తోంది, నిజమే. కాని ఆ 1కీ 6కీ మధ్య దూరం ఎట్లా వచ్చింది, అది ఎవరి రక్తంలో హీమోగ్లోబిన్ ఎంత తగ్గిస్తోంది అని అడగడం ఏ సామర్థ్యంలోనూ లేదు. కులాన్ని కొలవొచ్చు, మాట్లాడగూడదు. 2022 నుంచి ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలన్నారు. ఏ కుటుంబాలు? ఊళ్లోవా, వాడలోవా? ఎవరింట్లో మంచినీళ్లు తాగుతారు, ఎవరింట్లో సీసా వెంట తీసుకుపోతారు? ఈ ప్రశ్నకి లాగ్‌బుక్కులో గడి లేదు.

ఈ ప్రణాళికలో అందరూ మెచ్చుకునే భాగం ఒకటుంది. ఎట్‌కామ్ అంటారు. వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పుతుంది. మొదటి ఏడాదిలోనే అందులో శవాన్ని మన తొలి గురువుగా చూడాలని ఒక పాఠం. పిల్లలు శవం ముందు మౌనంగా నిలబడతారు, పూలు పెడతారు, ప్రమాణం చేస్తారు. నాకు దానిమీద వెటకారం లేదు. మరణించిన మనిషికి మర్యాద నేర్పడం మంచి చదువే.

కాని నాకు మా పెదనాన్న గుర్తొస్తాడు. ఒక జిల్లా ఆస్పత్రిలో తోటి. మార్చురీలో పని. శవాన్ని దించేది ఆయన, కడిగేది ఆయన, పుర్రె తెరిచేది ఆయన, మళ్లీ కుట్టి బంధువులకి అప్పగించేది ఆయన. డాక్టరు గుమ్మం దగ్గర ముక్కుకి రుమాలు పెట్టుకుని నిలబడి చెప్పమనేవాడు, ఈయన చెబితే రాసుకునేవాడు. రిపోర్టు మీద సంతకం డాక్టరుది. మా పెదనాన్నకి చదువు రాదు గాని కాలేయం రంగు చూసి తాగుడా విషమా అనేవాడు. ఆయన ఇంటికొస్తే మా పెద్దమ్మ వాకిట్లోనే నీళ్లు పెట్టేది, స్నానమయ్యాకే లోపలికి. వాడలోనే కొందరు ఆయన పక్కన కూచునేవాళ్లు కాదు. అంతస్తులు మనలోనూ ఉన్నాయని దాచుకోనక్కర్లేదు. ఆయన్ని ఎవరూ గురువనలేదు. ఆయన చేతికి గ్లోవ్సు కూడా అన్నిరోజులూ దొరకలేదు.

1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి ఆచారాన్ని ఎదిరించాడని మనకి గొప్పగా చెబుతారు. గొప్పే. కాని ఆ ఆచారం అగ్రకులాలది. శవాన్ని ముట్టుకునే పని అంతకుముందూ జరుగుతూనే ఉంది, ఆ తర్వాతా జరుగుతూనే ఉంది, చేసేది మాత్రం మనవాళ్లు. ఒకడు ముట్టుకుంటే అది సంస్కరణ, ఇంకొకడు ముట్టుకుంటే అది కులవృత్తి. శవం తొలి గురువని చెప్పే పాఠంలో ఆ శవాన్ని బల్లమీదికి చేర్చిన మనిషి గురించి విద్యార్థి చేత ఒక్క ప్రశ్నయినా వేయించకపోతే, అనాటమీని నీతితో కలిపారనడం సగం మాటే.

'శాస్త్రంలోకి కులాన్ని ఎందుకు లాగుతారు' అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకోసం ఒక ఉదాహరణ. సమీకృత బోధనలో లింకర్ కేసు అని వాడతారు, అంటే సబ్జెక్టులన్నిటినీ కలిపే ఒక రోగి కథ. మ్యాన్‌హోల్‌లోకి దిగి పడిపోయిన సఫాయి కార్మికుణ్ణి ఆ కథగా పెట్టండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కణంలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ని పనిచెయ్యనివ్వదు, రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. ఇది బయోకెమిస్ట్రీ. వాయువు తక్కువున్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, గ్యాసు పోయిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఇది ఫిజియాలజీ. అతణ్ణి లాగబోయిన రెండోవాడూ అందులోనే పడిపోతాడు. ఇది ఎమర్జెన్సీ వైద్యం. శవపరీక్షలో ఏం చూడాలి, ప్రమాదవశాత్తూ అని రాయాలా, రక్షణ పరికరాలు లేకుండా దించారని రాయాలా? ఇది ఫోరెన్సిక్. 1993 చట్టం, 2013 చట్టం, 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలన్న 2014 సుప్రీంకోర్టు తీర్పు, దాన్ని 30 లక్షలకి పెంచిన 2023 అక్టోబరు తీర్పు, ఇవన్నీ కమ్యూనిటీ మెడిసిన్. ఇక చివరి ప్రశ్న. ఈ గుంతలోకి ఎప్పుడూ ఒకే కులాల మనిషే ఎందుకు దిగుతాడు? కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా అడుగుతున్నది ఆ ప్రశ్నే. అది లేకుండా పై అయిదూ కలవవు. అతుకుతాయి, అంతే. ఇక్కడ కులాన్ని మనం లాగలేదు, రోగే మోసుకొచ్చాడు. చూడకపోతే వ్యాధినిర్ధారణే తప్పుతుంది.

మరో సంగతి మన పిల్లల్ని నేరుగా తాకేది. కొత్త పద్ధతిలో మార్కులిచ్చే అధికారం రోజువారీగా అధ్యాపకుడి చేతికి వచ్చింది. లాగ్‌బుక్కు, ఒక్కొక్క సామర్థ్యానికీ సంతకం, వైఖరికీ సంతకం. 2019 నిబంధనల ప్రకారం అంతర్గత మూల్యాంకనంలో థియరీకీ ప్రాక్టికల్‌కీ విడివిడిగా 40 శాతం, కలిపి 50 శాతం రాకపోతే విశ్వవిద్యాలయ పరీక్షకే కూచోనివ్వరు. ఏడాదికోసారి వచ్చే పరీక్ష కన్నా రోజూ గమనించి సరిదిద్దడం మేలన్నది సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది. గమనించే కన్ను ఎవరిది? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష గురించి సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టల్లో వెలి, అధ్యాపకుల ఎడం, ప్రాక్టికల్స్‌లోనూ వైవాల్లోనూ పక్షపాతం, అన్నీ అందులో ఉన్నాయి. ఈ పాఠ్యప్రణాళిక మొదలవడానికి మూడునెలల ముందు, 2019 మే 22న ముంబయిలో ఆదివాసీ పీజీ డాక్టరు పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని కేసు నడిచింది. అవే కాలేజీల్లో, అవే చేతులకి 'వైఖరి'ని కొలిచే అధికారం ఇస్తూ, కొలిచేవాడి వైఖరిని ఎవరు కొలవాలో రాయలేదు.

ఇక భాష. చిన్నచిన్న గుంపులుగా కూచుని చర్చించడం సమీకృత బోధనకి ప్రాణం. లెక్చరులో అయితే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల వెనకబెంచీలో కూచుని రాసుకునేది, రాత్రికి డిక్షనరీ పెట్టుకుని చదివేది, పరీక్షలో రాసేది. మౌనానికి అక్కడ కాస్త నీడ ఉండేది. చర్చలో ఆ నీడ పోయింది. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడే పిల్లలు మాట్లాడతారు, ఈ పిల్ల 'పాల్గొనడం లేదు' అని రాస్తారు. 2019 ప్రణాళికలో ఆరంభ కోర్సు 175 గంటలు, అందులో భాషకీ కంప్యూటరుకీ కలిపి 40. పన్నెండేళ్ల దూరాన్ని 40 గంటల్లో దాటమన్నారు, అందులోనూ సగం కంప్యూటరుకి పోతుంది. అదే పిల్ల వార్డులో ఎరుకల అవ్వతోనో మాదిగ కూలీతోనో మాట్లాడినప్పుడు ఆ ఇంగ్లీషు పిల్లలకి అర్థంకాని సంగతులు పదినిమిషాల్లో రాబడుతుంది. దాన్ని మార్కుగా లెక్కపెట్టే గడి ఏదీ?

కలపడానికి కష్టమని అన్నిచోట్లా చెప్పేవాళ్లు ఒకదాన్ని మాత్రం చాలా సులువుగా కలిపారు. 2022లో కమిషన్ తెల్లకోటు వేడుకలో చదవడానికి సవరించిన చరక శపథాన్ని సిఫార్సు చేసింది. చరక సంహితలోని మూల ఉపదేశంలో రాజు ద్వేషించినవాడికీ, పక్కన భర్త లేని స్త్రీకీ వైద్యం చెయ్యవద్దని ఉంది. సవరించారు, సరే. కాని దేన్ని సవరించి అయినా నిలబెట్టాలనుకున్నారో, దేన్ని పేరెత్తకుండా వదిలేశారో పక్కపక్కన పెట్టి చూస్తే సమీకరణానికి అడ్డుపడేది టైంటేబుల్ ఒక్కటే కాదని తెలుస్తుంది.

అయితే సిలబస్ శిలాశాసనం కాదు. స్వలింగ సంబంధాలను నేరాల జాబితాలో పెట్టిన పాఠాన్ని ఆ సమూహాలు, కొందరు డాక్టర్లు నిలదీశారు, 2021లో మద్రాసు హైకోర్టు అడిగింది, 2022లో కమిషన్ మార్చింది. 2024 ఆగస్టు చివర అదే పాత మాటల్ని మళ్లీ తెస్తే గొడవై, సెప్టెంబరు 5న ఆ మార్గదర్శకాలనే వెనక్కి తీసుకుంది. అడిగితే మారుతుంది. మరి మనం అడిగామా? సీట్లు అడిగాం, స్కాలర్‌షిప్పులు అడిగాం, హాస్టళ్లు అడిగాం. అడగాల్సిందే. లోపల చెప్పే పాఠంలో మనం ఎక్కడున్నాం అని మాత్రం అడగలేదు. డాక్టర్లయిన మనవాళ్లు కూడా కులం బయటపడుతుందేమోనని ఆ పుస్తకాల్ని అట్లాగే మూసి పెట్టుకున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కాని ఆ భయం ఖరీదు ఇప్పుడు చేరే పిల్లలు కడుతున్నారు.

కాబట్టి అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ఆ అయిదు సామర్థ్యాల పక్కన ఆరోది, కులం పేరుతో రాయాలి. మ్యాన్‌హోల్ కేసు లింకర్ కేసుల్లో ఉండాలి, దాన్ని చెప్పే గదిలో సఫాయి కార్మికుడు కూడా కూచోవాలి, వినడానికి కాదు, చెప్పడానికి. పరీక్షలో దానిమీద ప్రశ్న రావాలి, లేకపోతే ఎవరూ చదవరు. వైఖరికి సంతకం పెట్టేది ఒక్కరు కాకూడదు, కాదన్నప్పుడు విద్యార్థి ఫిర్యాదు చేసుకునే చోటు కాలేజీ బయట ఉండాలి. రోగితో మాట్లాడే పరీక్ష రోగి భాషలో, అంటే తెలుగులో జరగాలి.

ఇంకొకటి. శవానికి పూలు పెట్టే రోజున, ఆ శవాన్ని లోపలికి తెచ్చిన మనిషిని కూడా లోపలికి పిలవాలి. ఆయనకి పూలక్కర్లేదు. చేతికి గ్లోవ్సు, కామెర్ల టీకా, పర్మినెంటు జీతం కావాలి. ఆ తర్వాత కొత్త పిల్లలకి తన పేరు చెప్పుకునే అవకాశమివ్వాలి. మా పెదనాన్న పేరు ఆ ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్లలో ఎవరూ అడగలేదు. 'తోటీ' అనే పిలిచారు.